జిల్లా ప్రజల ఆరోగ్యం ఎలా ఉందో తెలుసుకోవడానికి ఏ ప్రశ్నావళి ఎంచుకోవాలి?

మరణాల లెక్క రిజిస్ట్రార్ దగ్గర దొరుకుతుంది. ఆపరేషన్ల లెక్క ఆరోగ్య బీమా పథకం దగ్గర దొరుకుతుంది. మోకాళ్లు పట్టేసి, పొలం పనులు మానుకుని, నొప్పి మాత్రలతో ఇంటిపట్టున రోజులు వెళ్లదీస్తున్న మనిషి మాత్రం ఈ రెండు లెక్కల్లోనూ కనిపించడు. చనిపోలేదు, ఆసుపత్రిలో చేరలేదు. కాగితాల ప్రకారం ఆయన ఆరోగ్యవంతుడే. ఇలాంటివాళ్లను లెక్కలోకి తేవడానికే ‘ఆరోగ్య సంబంధ జీవన నాణ్యత’ అనే కొలత వచ్చింది. దీనికి రక్తపరీక్ష లేదు, స్కానింగ్ లేదు. మనిషినే అడగాలి: నడవగలుగుతున్నారా, నొప్పి ఎంత ఉంది, మనసు ఎలా ఉంది, రోజూ చేసుకునే పనులు సాగుతున్నాయా అని.

చిక్కల్లా అడగడానికి ఉన్న ప్రశ్నావళులు పదుల సంఖ్యలో ఉండటమే. కమ్యూనిటీ మెడిసిన్ పీజీ విద్యార్థులు, సర్వేలు చేసే స్వచ్ఛంద సంస్థలవాళ్లు సాధారణంగా ఏది పొట్టిగా ఉందో, లేదా సీనియర్ల థీసిస్‌లో ఏది ఉందో దాన్నే తీసుకుంటారు. ప్రశ్నల సంఖ్య ముఖ్యమే, కాదనను. కానీ ఎంపిక మొదలు కావలసింది అక్కడ కాదు. వచ్చిన అంకెతో ఎవరు ఏ నిర్ణయం తీసుకుంటారన్నది ముందు తేలాలి. అది తేలితే సగం ప్రశ్నావళులు వాటంతట అవే పక్కకు తప్పుకుంటాయి.

ఆ అంకెతో ఎవరికి పని?

ప్రభుత్వం ఒక కొత్త చికిత్సకు డబ్బు పెట్టాలా వద్దా అని చూస్తోందనుకుందాం. అప్పుడు కావలసింది ఒకే ఒక్క అంకె. పూర్తి ఆరోగ్యానికి 1, మరణానికి 0 అని పెట్టుకుని, మధ్యలో ఈ మనిషి ఎక్కడున్నాడో చెప్పాలి. 0.6 విలువ ఉన్న స్థితిలో పదేళ్లు బతికితే అది 6 క్వాలీలు, అంటే నాణ్యతతో కలిపి లెక్కగట్టిన ఆరు జీవిత సంవత్సరాలు. కేంద్రంలో ఆరోగ్య పరిశోధన విభాగం కింద 2017లో మొదలైన హెచ్‌టీఏఇన్ (ఏ చికిత్సకు ఖర్చు పెట్టడం లాభమో తేల్చే సంస్థ) ఇలాంటి లెక్కలే వేయిస్తుంది.

ఏటేటా జనం పరిస్థితి మెరుగవుతోందా, దిగజారుతోందా అని గమనించడం వేరే పని. దానికి అతి చిన్న ప్రశ్నలు చాలు, కానీ ఏళ్ల తరబడి ఒక్క అక్షరం మార్చకుండా అడగాలి. వృద్ధులకు ఇంటి దగ్గర ఎంత సాయం అవసరమో తెలుసుకోవడం ఇంకో పని. మొత్తం బతుకు ఎలా ఉంది, ఇల్లు, డబ్బు, భద్రత, అనుబంధాలు అన్నీ కలిపి చూడాలనుకోవడం మరొకటి. ఈ నాలుగింటికీ ఒకే ప్రశ్నావళి సరిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి.

నాలుగు ప్రశ్నల అమెరికా పద్ధతి

అన్నిటికన్నా చిన్నది అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ వాళ్ల ‘హెల్తీ డేస్’. ఒకటి: మొత్తం మీద మీ ఆరోగ్యం అద్భుతంగా ఉందా, చాలా బాగుందా, బాగుందా, ఫరవాలేదా, బాగోలేదా? రెండు: గత 30 రోజుల్లో ఎన్ని రోజులు శారీరక ఆరోగ్యం బాగోలేదు? మూడు: ఎన్ని రోజులు మానసిక ఆరోగ్యం బాగోలేదు? నాలుగు: వీటివల్ల ఎన్ని రోజులు మామూలు పనులు ఆగిపోయాయి? ఏటా నాలుగు లక్షలమందికి పైగా పెద్దవాళ్లతో ఫోనులో మాట్లాడే బీఆర్ఎఫ్ఎస్ఎస్ సర్వేలో 1993 నుంచి ఈ ప్రశ్నలు ఉన్నాయి. ఇంత పొడవైన వరస ఉంది కనుకే అక్కడ ఒక్కో రాష్ట్రంలో మానసిక బాధ ఎలా పెరిగిందో గీత గీసి చూపించగలుగుతున్నారు.

దీని బలం ఏమిటంటే ఫలితం ఎవరికైనా అర్థమవుతుంది. “ఈ మండలంలో సగటున నెలకు ఆరు రోజులు ఒంట్లో బాగుండటం లేదు” అని కలెక్టరుకు చెబితే మళ్లీ వివరించనక్కర్లేదు. సూచిక విలువ 0.81 అంటే ఆయన ముఖం చూడాలి!

బలహీనత కూడా ఆ లెక్కలోనే ఉంది. శారీరకంగా బాగోలేని రోజులనూ మానసికంగా బాగోలేని రోజులనూ కలిపి, 30 దాటితే 30 దగ్గర ఆపేస్తారు. ఒకరికి 10 రోజులు ఒళ్లు బాగోలేదు, 25 రోజులు మనసు బాగోలేదనుకోండి. మొత్తం 35 కాదు, 30. ఇంకొకరికి ఒళ్లూ మనసూ రెండూ బాగోలేనివి ఒకే పది రోజులు కావచ్చు, అయినా లెక్కలో 20 పడుతుంది. పైగా పోయిన నెల రోజులను గుర్తుచేసుకుని అంకె చెప్పడం అందరి వల్లా కాదు. జవాబులు 5, 10, 15, 30 దగ్గర గుమిగూడతాయి. దీన్నుంచి క్వాలీలు నేరుగా రావు.

అయినా మొదటి ప్రశ్న ఒక్కదాన్ని తక్కువ అంచనా వేయకూడదు. “మొత్తం మీద మీ ఆరోగ్యం ఎలా ఉంది?” అన్న ఆ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబుకూ ఆ తర్వాతి ఏళ్లలో మరణించే అవకాశానికీ గట్టి సంబంధం ఉందని ఎన్నో దేశాల అధ్యయనాలు చూపించాయి. 27 అధ్యయనాలను ఒకచోట చేర్చిన 1997 నాటి సమీక్ష ఈ రంగంలో అందరికీ తెలిసినదే. మీ సర్వేలో ఆరోగ్యానికి ఒకే ప్రశ్నకు చోటుంటే, అది ఇదే.

ఈక్యూ-5డి: ఐదు ప్రశ్నలు, ఒక అంకె

యూరప్ పరిశోధకులు కొందరు 1987లో యూరోక్వాల్ బృందంగా ఏర్పడి తయారుచేసిన ప్రశ్నావళి ఇది. నడక, సొంత పనులు (స్నానం, బట్టలు వేసుకోవడం), రోజువారీ వ్యవహారాలు, నొప్పి లేదా అసౌకర్యం, ఆందోళన లేదా కుంగుబాటు. ఇవీ ఐదు అంశాలు. పాత రూపంలో ఒక్కోదానికి మూడు స్థాయిలు ఉండేవి, మొత్తం 243 స్థితులు. కొత్త 5ఎల్ రూపంలో ఐదు స్థాయిలు, 3,125 స్థితులు. ఏ ఇబ్బందీ లేనివారు 11111. నడకలో కొద్దిగా ఇబ్బంది, నొప్పి మధ్యస్థం, మిగతావి బాగున్నవారు 21131. అడిగేది ఈ రోజు సంగతి మాత్రమే. మామూలుగా ఐదు నిమిషాల్లోపే అయిపోతుంది.

దీని అసలు విలువ ప్రశ్నల్లో లేదు, వాటి వెనుక ఉన్న పట్టికలో ఉంది. 21131 అంటే ఎంత? ఆ స్థితిలో పదేళ్లు బతకడానికీ, పూర్తి ఆరోగ్యంతో అంతకన్నా తక్కువ కాలం బతకడానికీ మధ్య ఏది ఎంచుకుంటారని మామూలు జనాన్ని అడుగుతారు. ఆరేళ్ల పూర్తి ఆరోగ్యం, ఈ స్థితిలో పదేళ్లు రెండూ సమానమే అని ఒకరంటే, ఆ స్థితికి ఆయన ఇచ్చిన విలువ 0.6. ఇలా వేలమంది జవాబుల నుంచి ఒక్కో దేశానికి ఒక్కో పట్టిక తయారవుతుంది. బ్రిటన్‌లో 1993 సర్వే ఆధారంగా వచ్చిన పట్టికలో అన్నిటికన్నా అధ్వానమైన 33333 స్థితి విలువ మైనస్ 0.594. అంటే చావుకన్నా హీనమని జనం తీర్పు.

చాలాకాలం మనకు సొంత పట్టిక లేదు. ఇక్కడి పరిశోధకులు థాయ్‌లాండ్ విలువలో, ఇంగ్లండ్ విలువలో అరువు తెచ్చుకునేవారు. తునిలో ఒక రైతు నొప్పికి యార్క్ నగరంలో విలువ కట్టడం అన్నమాట. ఆ కొరత 2022లో తీరింది. చండీగఢ్‌లోని పీజీఐఎంఈఆర్ వైద్య సంస్థ పరిశోధకుల ఆధ్వర్యంలో, మూడున్నర వేలమందికి పైగా భారతీయులను అడిగి తయారుచేసిన 5ఎల్ పట్టిక అచ్చయింది. అందులో 55555 స్థితి విలువ మైనస్ 0.923. బ్రిటన్ అంకె పాత మూడు స్థాయిల రూపానికి చెందింది కనుక రెండింటినీ పక్కపక్కన పెట్టి తీర్మానాలు చేయకూడదు. ఒక్కటి మాత్రం స్పష్టం. పట్టిక మారితే అదే మనిషికి వచ్చే అంకె మారిపోతుంది. అందుకని ఏ పట్టిక వాడారో చెప్పని నివేదికలోని సగటును నేను లెక్కలోకి తీసుకోను.

ఇక లోపాలు. మొదటిది, జనాభా మొత్తంలో చాలామంది 11111 దగ్గరే ఆగిపోతారు. పాత మూడు స్థాయిల రూపంతో బ్రిటన్‌లో చేసిన ఆ సర్వేలోనే సగానికి పైగా జనం ‘ఏ ఇబ్బందీ లేదు’ గుంపులో పడ్డారు. ఐదు స్థాయిలతో ఇది కాస్త తగ్గుతుంది, పూర్తిగా పోదు. యువకులు ఎక్కువగా ఉన్న బస్తీలో ఈ ప్రశ్నావళి దాదాపు ఏమీ చెప్పకపోవచ్చు.

రెండోది మన ఇళ్లలోనే కనిపిస్తుంది. అరవై ఏళ్లావిడను “నడవడానికి ఏమైనా ఇబ్బంది ఉందా అమ్మా?” అని అడిగితే “లేదు నాయనా, గుడిదాకా నడిచే వెళ్లొస్తాను” అంటుంది. ఒకటో స్థాయి. కాని ఆవిడ కింద కూర్చోలేదు, కూర్చుంటే గోడ పట్టుకోకుండా లేవలేదు, నేలబారు మరుగుదొడ్డి వాడటం నరకం. పీట మీద కూర్చుని కూరలు తరగడం మానేసి ఏళ్లయింది. ఈక్యూ-5డిలో ‘నడక’ అంటే నడకే. గొంతుకు కూర్చోవడం, బాసింపట్టు వేసుకోవడం అందులో లేవు. నొప్పి ప్రశ్నలో కొంత బయటపడొచ్చు, అంతే. కుర్చీల మీద బతికే సమాజంలో పుట్టిన ప్రశ్న నేలమీద బతికే సమాజానికి వస్తే ఇలాగే ఉంటుంది. ప్రశ్నను మనం మార్చకూడదు, మారిస్తే పట్టిక పనికిరాదు. చేయగలిగింది, ప్రశ్నావళి పూర్తయ్యాక విడిగా “కింద కూర్చుని లేవగలుగుతున్నారా?” అని ఒక ప్రశ్న చేర్చడం. కీళ్ల నొప్పుల మీద సర్వే అయితే ఈ ప్రశ్న లేకుండా బయలుదేరవద్దు.

మూడోది ‘రోజువారీ వ్యవహారాలు’. “నేను పనికి వెళ్లనండీ, ఇంట్లోనే ఉంటాను” అని చెప్పి గృహిణి ఆ ప్రశ్నను తోసిపుచ్చుతుంది. వంటా, నీళ్లూ, పిల్లలూ, గేదెలూ అన్నీ ఆమే చూసుకుంటుంది, కాని అది పని కాదని ఆమెకు ఇన్నేళ్లుగా చెబుతూ వచ్చారు. ప్రశ్నలోనే ఇంటిపని కూడా కలుస్తుందని రాసి ఉంటుంది. సర్వే చేసేవాళ్లు ఆ భాగాన్ని హడావిడిగా మింగేయకుండా చదివితే చాలు.

చివర 0 నుంచి 100 దాకా గీతలున్న నిలువు స్కేలు ఒకటి ఉంటుంది. ఈ రోజు మీ ఆరోగ్యం ఎక్కడుందో చూపించమంటారు. వందకు ఎంత అనగానే మనవాళ్లకు పరీక్ష మార్కులే గుర్తొస్తాయి. 35 దాటితే పాసే అనుకునే మనిషి చెప్పిన 50కీ, 90 తగ్గితే పరువు పోయినట్టు భావించే మనిషి చెప్పిన 50కీ పొంతన ఉండదు. చదువు లేని పెద్దవాళ్ల దగ్గర ఈ స్కేలు మరీ తడబడుతుంది. మండలాల మధ్య పోలికకు దాన్ని వాడవద్దనే నా సలహా.

లైసెన్సు మాటకొస్తే, లాభాపేక్ష లేని చదువు, పరిశోధనలకు వెబ్‌సైటులో నమోదు చేసుకుంటే ఈక్యూ-5డి ఉచితం. భారతీయ తెలుగు రూపం కూడా వాళ్ల దగ్గరే దొరుకుతుంది. సొంతంగా అనువదించుకోవద్దు.

ఎస్ఎఫ్-36: వివరం ఎక్కువ, గోల్ఫూ ఉంది

అమెరికాలో రాండ్ సంస్థ చేపట్టిన మెడికల్ అవుట్‌కమ్స్ స్టడీ నుంచి 1992లో వచ్చింది ఎస్ఎఫ్-36. శారీరక సామర్థ్యం, శారీరక కారణాలతో పనులకు ఆటంకం, నొప్పి, సాధారణ ఆరోగ్యం, సత్తువ, నలుగురితో కలవడం, మనసు బాగోక పనులకు ఆటంకం, మానసిక ఆరోగ్యం అనే ఎనిమిది విభాగాలు. ఒక్క శారీరక సామర్థ్యానికే పది ప్రశ్నలు. ఈక్యూ-5డిలో 11111 దగ్గర కలిసిపోయిన ఇద్దరిని ఇది విడదీయగలదు. సత్తువ, అలసట గురించి విడిగా అడుగుతుంది. రక్తహీనత ఇంతగా ఉన్న మన ఆడవాళ్ల విషయంలో ఇది చిన్న లాభం కాదు. వంగడం, మోకాళ్ల మీద కూర్చోవడం గురించీ ఒక ప్రశ్న ఉంది. పైన చెప్పిన ఆవిడ ఇక్కడ దొరుకుతుంది.

అయితే ఒక మోస్తరు శ్రమకు అది ఇచ్చే ఉదాహరణలు చూడండి: బల్ల జరపడం, వాక్యూమ్ క్లీనర్ తోయడం, బౌలింగ్, గోల్ఫ్ ఆడటం. ఇంకో ప్రశ్నలో ఒక మైలు కన్నా ఎక్కువ నడవడం. అనంతపురం పల్లెలో ఈ ప్రశ్న చదివే సర్వే కార్యకర్త ముందు తనే నవ్వాపుకోవాలి. అంగీకృత అనువాదాల్లో ఇలాంటివాటిని స్థానికంగా సర్దుతారు, అందుకే ఎవరి అనువాదం వాడుతున్నారన్నది ముఖ్యం.

లెక్కలో ఉన్న మెలిక ఇంకా పెద్దది. ఎనిమిది విభాగాలను శారీరక సారాంశం, మానసిక సారాంశం అని రెండు అంకెలుగా కుదిస్తారు. అమెరికా జనాభా సగటు 50, ప్రామాణిక విచలనం (అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) 10 అయ్యేలా వాటిని అమర్చారు. మీ జిల్లాకు 46 వస్తే, అది అమెరికన్లతో పోలిస్తే 46 అని అర్థం. పైగా మానసిక సారాంశం లెక్కలో శారీరక విభాగాల అంకెలను కొంత మేర తీసివేస్తారు. దానివల్ల ఒంటి సంగతి దిగజారినప్పుడు, మనసులో ఏ మార్పూ లేకపోయినా, మానసిక అంకె కాస్త పెరిగినట్టు కనిపించవచ్చు. కాబట్టి ఎస్ఎఫ్-36 వాడేవాళ్లు ఎనిమిది విభాగాలనూ విడివిడిగా చూపించాల్సిందే. సారాంశాలు మాత్రమే ఇచ్చే నివేదికను చదివితే సగమే చదివినట్టు లెక్క.

పన్నెండు ప్రశ్నల ఎస్ఎఫ్-12 దీని చిన్న తమ్ముడు, 1996లో వచ్చింది. రెండు సారాంశాల వరకు బాగానే పనిచేస్తుంది. క్వాలీ కావాలంటే ఎస్ఎఫ్-6డి అనే మార్పిడి ఉంది. ఎస్ఎఫ్-36 రెండో రూపానికి లైసెన్సు రుసుము కట్టాలి. రాండ్ వాళ్ల మొదటి రూపం ఉచితం. పీజీ విద్యార్థికి ఈ తేడా ముందే తెలిసి ఉండాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రశ్నావళులు రెండు

వీటిని కలగాపులగం చేసేవాళ్లు ఎక్కువ. డబ్ల్యూహెచ్ఓక్వాల్-బ్రెఫ్‌లో 26 ప్రశ్నలు. శారీరక, మానసిక, సామాజిక సంబంధాలు, పరిసరాలు అనే నాలుగు విభాగాలు. అడిగేది గత రెండు వారాల సంగతి. మొదటి నుంచీ పలు దేశాల కేంద్రాల్లో ఒకేసారి రూపొందించారు. వాటిలో ఢిల్లీ, మద్రాసు కూడా ఉన్నాయి. కనుక పరాయితనం కాస్త తక్కువ. అవసరాలకు సరిపడా డబ్బుందా, రోజువారీ జీవితంలో భద్రంగా ఉన్నారా, వైద్యం అందుబాటులో ఉందా, రవాణా ఎలా ఉందని కూడా అడుగుతుంది. అందుకే ఇది ఆరోగ్యం కన్నా పెద్దదాన్ని కొలుస్తుంది. ఊరికి బస్సు ఆగిపోతే పరిసరాల అంకె పడిపోతుంది, జనం ఆరోగ్యం పడిపోనక్కర్లేదు. బతుకు మొత్తం తెలియాలనుకుంటే ఇదే మంచి ఎంపిక. ఒక మందు, ఒక ఆపరేషన్ ఫలితం తెలియాలంటే ఇది తప్పు ఎంపిక. లైంగిక జీవితంపై ఒక ప్రశ్న ఉంది. ఉమ్మడి ఇంటి వరండాలో అత్తగారి ఎదుట కోడలిని ఆ ప్రశ్న అడిగితే ఆ ఒక్క జవాబే కాదు, మిగిలినవన్నీ చెడతాయి.

హూడాస్ 2.0 సంగతి వేరు. 2010లో వచ్చిన ఇది వైకల్యాన్ని, అంటే పనులు చేయడంలో ఎదురయ్యే కష్టాన్ని, కొలుస్తుంది. 36 ప్రశ్నల రూపం, 12 ప్రశ్నల రూపం రెండూ ఉచితమే. అరగంట నిలబడటం, కిలోమీటరు నడవడం, పది నిమిషాలు ఒకే పని మీద మనసు నిలపడం, ముఖం తెలియనివాళ్లతో మాట్లాడటం, పండగలూ వేడుకల్లాంటి సామూహిక కార్యక్రమాల్లో అందరిలా పాల్గొనడం. గత 30 రోజుల్లో ఇవి ఎంత కష్టమయ్యాయో అడుగుతారు. వృద్ధుల సర్వేకి నాకు బాగా నచ్చినది ఇదే. ప్రశ్న వినగానే ఎదుటి మనిషికి ఏదో ఒక దృశ్యం తడుతుంది, గాల్లో మాట్లాడనక్కర్లేదు. పెళ్లికి వెళ్లలేకపోయిన పెద్దాయన వెంటనే జవాబిస్తాడు. నొప్పికి విడిగా చోటు లేకపోవడం దీని లోపం.

కెనడాలో పుట్టిన హెచ్‌యూఐ-3 చూపు, వినికిడి, మాట, చేతివేళ్ల పనితనం కూడా అడుగుతుంది. మంచిదే, కాని రుసుము కట్టి తెచ్చుకున్నా మన జనం కట్టిన విలువలు లేవు. శుక్లాలు, వినికిడి లోపం మీద పనిచేసేవాళ్లు తప్ప మిగతావాళ్లు దాన్ని వదిలేయవచ్చు.

కేరళ, బీహార్ చిక్కు

ఏ ప్రశ్నావళి ఎంచుకున్నా తప్పని ప్రమాదం ఒకటుంది. 2002లో అమర్త్య సేన్ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో దీన్ని సూటిగా చెప్పారు. అప్పటికి దేశంలో ఆయుర్దాయం అందరికన్నా ఎక్కువున్న కేరళలో “జబ్బుగా ఉంది” అని చెప్పుకునేవాళ్లూ అందరికన్నా ఎక్కువే. ఆయుర్దాయం బాగా తక్కువున్న బీహార్‌లో అలా చెప్పుకునేవాళ్లు తక్కువ. అమెరికాలో కేరళ కన్నా ఎక్కువ. ఈ అంకెలను ఉన్నవి ఉన్నట్టు నమ్మితే, ఆసుపత్రులు మూసేసి బీహార్ బాట పట్టాలి!

కారణం ఊహించడం కష్టమేమీ కాదు. చదువు, వైద్యం అందుబాటులో ఉన్నచోట మనిషికి తన జబ్బు జబ్బుగా తెలుస్తుంది. లేనిచోట నడుంనొప్పి వయసుతో వచ్చేదే, ఆయాసం పొగాకు బేరన్ దగ్గర పనిచేసేవాడికి మామూలే, ఒంట్లో నీరసం ఆడపుట్టుకలో భాగమే. మన రాష్ట్రాల్లోనూ అంతే. నల్లగొండ జిల్లా మర్రిగూడ ప్రాంతంలో ఫ్లోరైడ్ నీళ్లతో కీళ్లు బిగుసుకుపోయిన తరంవాళ్లు తమ నొప్పికి ‘కొద్దిగా’ అని జవాబిస్తే, కొత్తగా వెన్నునొప్పి మొదలైన హైదరాబాదు ఉద్యోగి ‘తీవ్రం’ అనవచ్చు. అంకెల్లో ఉద్యోగి బాధే ఎక్కువగా తేలుతుంది.

దీనికి విరుగుడుగా కల్పిత వ్యక్తుల గురించి అడిగే పద్ధతి ఉంది. “ఒకాయన రెండు వందల మీటర్లు నడిస్తే అలసిపోతాడు, మెట్లెక్కితే ఆగి ఊపిరి పీల్చుకోవాలి. ఆయనకు నడకలో ఎంత ఇబ్బంది ఉన్నట్టు?” అని అడిగి, అందరూ ఒకే మనిషికి వేసిన అంచనాల తేడాతో వాళ్ల సొంత జవాబులను సరిచేస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వృద్ధుల ఆరోగ్యం మీద మన దేశంలోని ఆరు రాష్ట్రాల్లో చేసిన సేజ్ సర్వేలో ఇది వాడారు. సర్వే సమయం పెరుగుతుంది, జవాబిచ్చేవారికి విసుగూ పెరుగుతుంది. జిల్లాల ర్యాంకులు ప్రకటించే ఉద్దేశం ఉంటే మాత్రం ఇది చేయాలి, లేదా ర్యాంకుల ఆలోచన మానుకోవాలి. నేనైతే మానుకోమంటాను. ఒకే ఊరిని ఐదేళ్ల తర్వాత మళ్లీ అడగడం రెండు జిల్లాలను పోల్చడం కన్నా నమ్మదగిన పని.

ఉద్దానం అయితే ఏది?

ఒక నిజమైన చోటు తీసుకుని చూద్దాం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాలు. కొబ్బరి, జీడి తోటల మధ్య కారణం ఇంకా పూర్తిగా తేలని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మొదలైంది. అక్కడ జనం జీవన నాణ్యత కొలవాలంటే ఏది వాడాలి?

ఎవరికి జబ్బు మొదలైందో కనిపెట్టడం మీ పని అయితే, వీటిలో ఏదీ వద్దు. కిడ్నీ జబ్బు తొలి దశల్లో మనిషికి ఏ బాధా ఉండదు. ఈక్యూ-5డిలో 11111 చెప్పినవారి రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ దెబ్బతింటే పెరిగేది) పెరిగి ఉండవచ్చు. రక్త, మూత్ర పరీక్షలకు ప్రశ్నావళి ప్రత్యామ్నాయం కాదు.

డయాలిసిస్ కేంద్రాన్ని జనానికి దగ్గరగా తెచ్చినందువల్ల ఎంత మేలు జరిగిందో, పెట్టిన ఖర్చుకు తగిన ఫలితం ఉందో లేదో లెక్కగట్టాలంటే ఈక్యూ-5డి-5ఎల్, భారతీయ పట్టికతో. దానికి తోడు కేడీక్యూఓఎల్-36 అనే కిడ్నీ ప్రశ్నావళి చేర్చితే మంచిది. అందులో ఎస్ఎఫ్-12 ప్రశ్నలు పన్నెండు, కిడ్నీ జబ్బుకు ప్రత్యేకమైనవి ఇరవై నాలుగు. దురద, తిమ్మిర్లు, నీళ్లు కొలిచి తాగాల్సిన పరిస్థితి, ప్రయాణం మీద ఆంక్షలు, ‘కుటుంబానికి భారమయ్యాను’ అన్న భావన ఇక్కడ బయటపడతాయి. ఐదు అంశాల ప్రశ్నావళికి ఇవి అందవు. డయాలిసిస్ చేయించుకునేవారిని మాత్రం ఏ రోజు అడిగారో తప్పక రాసుకోవాలి. ఈక్యూ-5డి ‘ఈ రోజు’ గురించే అడుగుతుంది. యంత్రం మీద నుంచి లేచిన సాయంత్రానికీ, మధ్యలో వచ్చే ఖాళీ రోజుకూ జవాబు మారిపోతుంది.

ఇంట్లో కిడ్నీ రోగి ఉన్న కుటుంబం మొత్తం ఎలా నలిగిపోతోందన్నది ప్రశ్న అయితే డబ్ల్యూహెచ్ఓక్వాల్-బ్రెఫ్, అదీ రోగికి మాత్రమే కాకుండా చూసుకునే భార్యకూ కొడుకుకూ.

ఎంతమందిని అడగాలి, ఎప్పుడు అడగాలి

రెండు గుంపుల మధ్య 0.05 తేడాను పట్టుకోవాలనుకుందాం, ప్రామాణిక విచలనం 0.2 అనుకుందాం. 80 శాతం పవర్, అంటే ఆ తేడా నిజంగా ఉంటే దాన్ని పట్టుకునే అవకాశం 80 శాతం, ఉండాలంటే ఒక్కో గుంపుకు సుమారు 256 మంది కావాలి. ఊళ్లను గుంపులుగా ఎంచుకుని సర్వే చేస్తే ఒకే ఊరివాళ్ల జవాబులు పోలి ఉండటం వల్ల కావలసిన మనుషుల సంఖ్య ఎన్ని రెట్లవుతుందో చెప్పే డిజైన్ ఎఫెక్ట్ 2 దాకా ఉండవచ్చు, అప్పుడు అయిదు వందలు దాటుతుంది. మూడు వందల మందితో నాలుగు మండలాలను పోల్చేస్తామనే ప్రణాళికలు ఈ లెక్క వేయకముందు పుట్టినవే.

పగలు పదింటికి ఊరికి వెళితే దొరికేది ముసలివాళ్లూ పసిపిల్లల తల్లులూ. నాట్ల కాలంలో ఆడవాళ్లూ ఉండరు. అలా తీసిన సగటు ఊరి సగటు కాదు. పొద్దున్నే, లేదా సాయంత్రం ఆరు తర్వాత వెళ్లాలి. గత 30 రోజులు అడిగే ప్రశ్నావళిని ఆగస్టు, సెప్టెంబరు జ్వరాల సీజన్లో ఒక ఊళ్లో, జనవరిలో ఇంకో ఊళ్లో వాడితే, తేడా ఊళ్లది కాదు, దోమలది. మళ్లీ అడిగేటప్పుడూ అదే నెల ఎంచుకోండి.

మంచం పట్టినవారి బదులు కొడుకు జవాబిస్తే దాన్ని విడిగా గుర్తుపెట్టి, బంధువుల కోసం ఉన్న రూపంలో తీసుకోవాలి. పిల్లలకు పెద్దల ప్రశ్నావళి వాడకూడదు, ఈక్యూ-5డి-వై, పెడ్స్‌క్యూఎల్ వాళ్లకోసమే ఉన్నాయి.

సొంత సర్వేకు దిగేముందు లాసీ (దేశంలో పెద్ద వయసువాళ్ల మీద చేసిన జాతీయ సర్వే) డేటా చూడండి. 2017–18లో 45 ఏళ్లు పైబడినవారూ వాళ్ల జీవిత భాగస్వాములూ కలిపి 72 వేలకు పైగా మందితో చేసిన ఆ సర్వేలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. తన ఆరోగ్యంపై మనిషి అంచనా, స్నానం, నడక వంటి పనుల్లో ఇబ్బంది, మనసు స్థితి అన్నీ అడిగారు. మీ ప్రశ్నకు అక్కడే జవాబు దొరికితే వందల ఇళ్లు తిరిగే శ్రమా, జవాబిచ్చేవారి సమయమూ మిగులుతాయి.

చెప్పమంటే నా ఎంపిక

మామూలు జిల్లా సర్వేకి: ఈక్యూ-5డి-5ఎల్, దానికి తోడు హెల్తీ డేస్ నాలుగు ప్రశ్నలు, కింద కూర్చుని లేవడం మీద ఒక ప్రశ్న. మొత్తం పది నిమిషాలు. అరవై దాటినవారే లక్ష్యమైతే హెల్తీ డేస్ తీసేసి హూడాస్ పన్నెండు ప్రశ్నలు పెట్టండి. శిక్షణ పొందిన మనుషులు, ఇంటింటా అరగంట సమయం, వివరం మీద ఆసక్తి ఉంటేనే ఎస్ఎఫ్-36. స్కేలు మీద వందకు ఎంత అన్న అంకెను సేకరించండి, ముఖ్యాంశాల్లో మాత్రం పెట్టకండి.

నివేదికలో ఒక్క సగటు రాసి ఊరుకోవద్దు. ఐదు అంశాల్లో ఒక్కోదానికి ఎంతమంది ఏ స్థాయి చెప్పారో, ఆడవారికీ మగవారికీ వేరువేరుగా, పదేళ్ల వయసు వర్గాలవారీగా పట్టిక వేయండి. యువత వలసపోయిన మండలాన్నీ, యువత వచ్చి చేరిన నగర శివారునూ వయసు సర్దుబాటు లేకుండా పోల్చకండి. ఏ రూపం, ఏ అనువాదం, ఏ దేశపు పట్టిక, ఏ నెల, ఎవరు చదివి వినిపించారు అన్న వివరాలు మొదటి పేజీలోనే ఉండాలి.